దొరగారి సంబంధాలు

ఆదివారం పొద్దున సోఫా మేస్త్రి కొట్టు ముందు నలుగురు గుమిగూడారంటే లోపల పెళ్ళిచూపులు జరుగుతున్నట్టే. పెళ్ళికొడుకు కుక్క. ఎత్తయిన మనిషి నడుం దాకా వచ్చే జాతికుక్క, నల్లటి వీపు, వెడల్పాటి ఛాతీ. పేరు దొర. అందరూ దాన్ని ‘వాడు’ అనే అనేవారు, మనమూ అలాగే అందాం.

ఆడకుక్కను వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళని మేస్త్రి బాగుచేతకొచ్చిన సోఫాల్లోనే కూర్చోబెట్టేవాడు. మీరు కూర్చుంటేనే నా స్ప్రింగు గట్టిదో కాదో తేలేది అని నవ్వించేవాడు. టీ తెప్పించేవాడు. టీ అయ్యాక దొర విద్య చూపించేవాడు. గుడ్డ కత్తిరించే పొడవాటి బల్ల ఒకటుంది ఆ కొట్టులో. మేస్త్రి చిటికె వేస్తే దొర ఆ బల్ల మీదికి ఒక్క దూకు దూకేవాడు, ఇంకో చిటికెకి కిందికి దూకేవాడు. చూసినవాళ్ళ నోళ్ళు తెరుచుకునేవి. సంబంధం ఖాయమయ్యేది.

జత కట్టించినందుకు మేస్త్రి ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు. కళ్ళు తెరిచాక పిల్లల్ని ఒకసారి తెచ్చి చూపించమనేవాడు, అంతే. ఇక ఆ రోజు నుంచి వాళ్ళు తనకి వియ్యాలవారు. మగవాళ్ళు “బావగారూ” అని, ఆడవాళ్ళు “అన్నయ్యగారూ” అని పిలిచేవారు. పిల్ల మరీ బక్కగా ఉంది, కోడల్ని సరిగా మేపడం లేదా బావగారూ అని ఇతను ఎత్తిపొడిస్తే, మేపిందంతా మీవాడి పిల్లలే లాగేసుకున్నాయి అని అవతలివాళ్ళు అంటించేవారు.

చూడటానికి ఇది ఎంత ముచ్చటైన సంగతి! దీని అడుగున ఎంత కుళ్ళుందో చెప్పడానికే ఈ కథ.

మేస్త్రి భార్య పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. కింద కొట్టు, మేడ మీద ఒక గది. ఆవిడ పోయిన రోజున వీధి వీధంతా వచ్చి నిలబడింది. ఆ తర్వాత ఎవరొచ్చారు? వచ్చినవాళ్ళు గుడ్డ రంగు చూసుకున్నారు, ఎప్పుడిస్తావని అడిగారు, వెళ్ళారు. వారంలో మిగతా రోజులన్నీ అతనితో మాట్లాడింది కుట్టుమిషనే. ఒంటరివాడి గుమ్మం మనం పనుంటేనే తొక్కుతాం. ఇది మన తప్పు, మీదీ నాదీ. ముందు దాన్ని ఒప్పుకోండి. మేస్త్రి తప్పు దగ్గరికి ఇప్పుడొస్తాను.

దొర ఇంకా ఎదిగే వయసులోనే కుడి ముందుకాలు ఈడ్చేవాడు. పడుకుని లేచినప్పుడు కాస్త దూరం బిగుసుకుపోయి నడిచేవాడు, ఆ కాలు నేలకి ఆనినప్పుడల్లా తల పైకి ఎగిరేది. మేస్త్రి పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె కాలు ముందుకు చాపి చూసింది, వాడు మూలిగాడు. ఎక్స్‌రే తీసి, మేస్త్రికి అర్థమయ్యేలా చెప్పింది. భుజం కీలులో చిప్ప లాంటి గుంట ఉంటుంది, కాలి ఎముక తల అందులో కుదురుగా కూర్చోవాలి. వీడికి ఆ గుంట పుట్టుకతోనే లోతు లేదు. ఎముక నిలవక జారుతోంది, రాసుకుంటోంది, ఆ రాపిడికి కీలు అరుగుతోంది.

పూర్తిగా పోయేది కాదు, అలాగని బతుకు పాడయ్యేదీ కాదు అందామె. ఒళ్ళు పెరగనివ్వకూడదు. దూకనివ్వకూడదు. మెట్లు వీలైనంత తగ్గించాలి. మెడకి పట్టీ వేసి, చేత్తో పట్టుకుని రోజూ నెమ్మదిగా నడిపించాలి, అసలు కదలకపోతే కండ కరిగిపోతుంది. మందపాటి పరుపు కావాలి, నేల జారకూడదు. మాత్ర తను చెప్పినప్పుడే వేయాలి. మాత్ర నొప్పిని తగ్గిస్తుంది గాని గుంటను లోతు చెయ్యదు, కాబట్టి మాత్ర వేసిన రోజున వాణ్ణి ఇంకా ఎక్కువ కట్టడి చెయ్యాలి. అన్నీ చెప్పి, చివరగా కళ్ళద్దాలు తీసి అంది:

“మేస్త్రి గారూ, ఇది రక్తంలో వచ్చేది. వీడికి ఎప్పుడూ జత కట్టించకండి.”

మేస్త్రి తలూపాడు. ఇంటికొచ్చి మొదటి సగం ప్రాణం పెట్టి చేశాడు. కొబ్బరిపీచు అడుగున, స్పాంజి పైన వేసి, దొర భుజం దిగబడేంత మెత్తగా, లేచేటప్పుడు ఆనేంత గట్టిగా పరుపు కుట్టాడు. అంత మంచి పరుపు ఏ షావుకారు సోఫాకీ వెయ్యలేదు. నున్నటి నేలంతా పీచు పట్టాలు పరిచాడు. తన మంచం మేడ మీద నుంచి కొట్టు వెనకకి దించుకున్నాడు, వాడు మెట్లు ఎక్కనక్కర్లేకుండా. తిండి కొలిచి పెట్టాడు. రెండో సగాన్ని మాత్రం డాక్టరమ్మ గుమ్మం దగ్గరే వదిలేసి వచ్చాడు. జత మానేస్తే ఆదివారాలు పోతాయి. బావగారూ అనే పిలుపు పోతుంది.

సంబంధం వాళ్ళు వచ్చే పొద్దున దొరకి మాత్ర వేసేవాడు. మాత్రకి నొప్పి తెలియక దొర బల్ల మీదికి దూకేవాడు. నొప్పి అనేది కాపలావాడు. వాణ్ణి నిద్రపుచ్చి దోపిడీకి ఇంటి తలుపు తీసినవాణ్ణి ఏమంటారు? సాయంత్రానికి మందు దిగేది, దొర పరుపు మీద ఒక పక్కకే ఒరిగి లేవలేకపోయేవాడు. మేస్త్రి కాపడం పెడుతూ, క్షమించరా నాన్నా, ఇదే ఆఖరిసారి అనేవాడు. మళ్ళీ ఆదివారం వచ్చేది.

ఇలా ఉండగా ఒక పనిరోజున ఇస్త్రీ కొట్టావిడ వచ్చింది. ఆవిడ కుక్కకి దొర వల్ల పుట్టిన పిల్లల్లో ఒకదాన్ని అట్టేపెట్టుకుంది. ఇంట్లో పిలుపు బుజ్జమ్మ. నడవాల్సిన వయసు కుక్కని చంటిపిల్లలా భుజాన వేసుకుని మోసుకొచ్చింది. దించితే బుజ్జమ్మ కుడి ముందుకాలు గాలిలో పెట్టి నిలబడింది.

ఆవిడ సోఫాలో కూర్చోలేదు. బట్టల మీద నీళ్ళు చిలకరిస్తానుగదా, ఆ తడికి ఇది ఒకసారి జారింది, అప్పటి నుంచే ఈ కుంటు అని చెప్పింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఎత్తుకోవాల్సింది, ఎత్తుకోలేదు. మొగుడు రోజూ అదే మాటతో పొడుస్తున్నాడు, చొక్కాల ముడతలు తీయడం తప్ప నీకేం చేతనవుతుందని. చెబుతూ చెబుతూ బల్ల అంచు పట్టుకుని ఏడ్చేసింది.

“అన్నయ్యగారూ, దొరని మీరెంత బాగా పెంచారు. నేనెక్కడ తప్పు చేశానో మీరైనా చెప్పండి.”

దొర లేచి వచ్చి కూతుర్ని వాసన చూశాడు. రెండు కుక్కలదీ అదే కాలు. ఆవిడ చూడలేదు. మేస్త్రి చూశాడు.

“చిన్నది కదమ్మా, జారే ఉంటుంది. నేల తడి లేకుండా చూసుకో” అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని తలూపింది. తప్పు నాదే అని రుజువైనదానిలా ఆ బరువు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మేస్త్రి మిషను ముందు కూర్చున్నాడు. గుడ్డ సూది కింద పెట్టాడు గాని తొక్కలేదు.

ఆ ఆదివారం రంగుల కొట్టాయన తన ఆడకుక్కతో దిగాడు. మంచి మాటకారి, రాగానే సోఫా మధ్యలో కూర్చుని, పెళ్ళికొడుకుని పిలవండి బావగారూ అన్నాడు. మేస్త్రి ఆ పొద్దున మాత్ర వెయ్యలేదు. డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. దొర వెనక గది నుంచి కుంటుతూ వచ్చాడు, అడుగడుక్కీ తల ఎగరేస్తూ. అలవాటు కొద్దీ బల్ల వైపు చూశాడు. మేస్త్రి చిటికె వెయ్యలేదు.

“బావగారూ, ముందే చెప్తున్నా. మావాడికి భుజం కీలులో లోపం ఉంది. పుట్టుకతో వచ్చింది. పిల్లలకీ వస్తుంది.”

చెప్పి, ఆయన లేచి వెళ్తాడని చూశాడు. ఆయన లేవలేదు. టీ ఇంకో గుక్క తాగాడు.

“అయితే ఏంటి? పాలు మరవగానే పిల్లలు మన గుమ్మం దాటిపోతాయి. కుంటు బయటపడేది ఎప్పుడో. అప్పటికి తప్పు పెంచినవాడిది. వాడి నేల జారింది, వాడి మేత సరిలేదు. మనకెందుకు బావగారూ?”

మేస్త్రి ఆ మాటని గుర్తుపట్టాడు. తను ఇస్త్రీ ఆవిడతో అన్న మాటే అది. తన నోట్లో జాలిగా వినపడ్డది, ఈయన నోట్లో ఉన్నదున్నట్టు వినపడింది.

“లేవండి” అన్నాడు. “నన్ను ఆ వరసతో పిలవకండి.”

రంగుల కొట్టాయన వెళ్తూ వెళ్తూ, కుంటికుక్కని పెట్టుకుని ఎంత పొగరని నలుగురికీ వినపడేలా అన్నాడు. ఆ సాయంత్రమే మేస్త్రి వియ్యాలవారి ఇళ్ళకి బయల్దేరాడు. ఒక్కో గుమ్మం ముందు నిలబడి అదే మాట చెప్పాడు. మా దొరకి లోపం ఉంది, నాకు తెలిసే దాచాను, మీ పిల్లని డాక్టరమ్మకి చూపించండి, దానికి జత కట్టించకండి. ఒకాయన తలుపు వేసేశాడు. ఒకావిడ మా దానికేం లేదు, వెళ్ళి రండి అంది. ఇంకొకాయన వీధిలో అందరి ముందూ కడిగేశాడు. బావగారూ అన్న పిలుపు ఒక్క గుమ్మంలోనూ వినపడలేదు.

ఇస్త్రీ కొట్టు ఆఖరున పెట్టుకున్నాడు. ఆవిడ విన్నంతసేపూ చొక్కా మీద పెట్టె నడుపుతూనే ఉంది. అతను ముగించాక పెట్టె నిలబెట్టింది.

“అయితే నా వల్ల కాదన్నమాట.”

“కాదమ్మా.”

“మొన్న మీ ముందే ఏడ్చాను కదా. అప్పుడు నోరు రాలేదా మీకు?”

ఆవిడ మళ్ళీ పెట్టె అందుకుంది. మేస్త్రి చెప్పులేసుకుని వచ్చేశాడు.

దొరకి ఇక జత కుదరకుండా డాక్టరమ్మ ఆపరేషను చేసింది. ఆదివారాలు మిగతా రోజుల్లో కలిసిపోయాయి. మేస్త్రి ఉదయం పట్టీ వేసి దొరని నెమ్మదిగా నడిపిస్తాడు, వస్తాడు, మిషను తొక్కుతాడు. దూకుళ్ళు లేకపోయేసరికి దొర సాయంత్రాలు మూలగడం మానేశాడు. వీధిలో పలకరించేవాళ్ళు లేరు. అతను ఎవరినీ తప్పు పట్టలేదు.

కొన్నాళ్ళకి ఇస్త్రీ ఆవిడ గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. బుజ్జమ్మని చూపించానంది. కీలు ఇంకా పెద్దగా అరగలేదట, ఇప్పటి నుంచి ఒళ్ళు తగ్గించి, దూకనివ్వకుండా చూసుకుంటే హాయిగా బతుకుతుందట. పరుపు కావాలంది. “దొరకి కుట్టినటువంటిదే కుట్టు మేస్త్రీ” అంది. అన్నయ్యగారు అనలేదు. మేస్త్రి ఆ పిలుపే తలవంచుకుని తీసుకున్నాడు. పీచు ఎంత, స్పాంజి ఎంత అన్నది చూపించాడు. వెళ్ళబోతూ ఆవిడ ఆగింది.

“మళ్ళీ ఎవరైనా ఇలాంటి కుక్కతో వచ్చి, ఎవరికీ చెప్పకుండా జత కట్టించుకుంటే తప్పేంటని అడిగితే ఏం చెప్తావు?”

మేస్త్రి కత్తెర కింద పెట్టాడు.

“నేను ఎంతమంది చుట్టాల్ని సంపాదించానో, ఎలా పోగొట్టుకున్నానో చెప్తానమ్మా. వాడి భుజం అలా పుట్టడం నా తప్పు కాదు. ఆ నొప్పిని ఇంకో పదిళ్ళకి పంచి, ఆ ఇళ్ళవాళ్ళని తప్పు తమదే అనుకోనివ్వడం నా తప్పు.”

ఆవిడ విని వెళ్ళిపోయింది. కొట్టులో మళ్ళీ మిషను చప్పుడే మిగిలింది.

చదువరులారా, కుక్కపిల్లని తెచ్చుకునేటప్పుడు దాని అందం కాదు, తల్లిదండ్రుల కీళ్ళు చూపించమని అడగండి. మీ కుక్కకి లోపం ఉందని తెలిస్తే దాన్ని ప్రేమగా సాకండి, జత మాత్రం కట్టించకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెప్పినందుకు మీ గుమ్మానికి ఎవరూ రాకపోతే రాకపోనివ్వండి.