గేటు తాత పూసల లెక్క

ఆ చిన్నపిల్లల బడి గేటు దగ్గర కాపలా ఉండే తాతకి మూడు తరగతుల చదువు, మూడు ముక్కల మాట. "ఊ", "ఆహా", "చూద్దాం". వీటితోనే అరవై ఎనిమిదేళ్లు నెట్టుకొచ్చాడు. అంతకు మించి ఎవరైనా అడిగితే, పక్కన స్టూలు మీద కూర్చునే నాలుగేళ్ల మనవరాలు ఆయన తరఫున జవాబు చెప్పేది.

లెక్కలో మాత్రం తనంతటివాడు లేడని తాతకి లోలోపల గట్టి నమ్మకం. గేటుకి రెండు తీగలు కట్టి పూసలు గుచ్చాడు. వచ్చిన మగపిల్లాడు పై తీగ మీద, ఆడపిల్ల కింది తీగ మీద ఒక్కో పూస జరిపి లోపలికి పోవాలి. తాత మీసం దువ్వుతూ చూస్తుంటాడు.

ఆ రోజు పెద్దాఫీసు నుంచి లెక్కలమ్మ వచ్చింది. ఏ పేట చిన్నబడిలో ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు చేరారో పోల్చి చూడడం ఆమె పని. కొత్త పిల్లల్ని చేర్చుకోడానికీ ఆ రోజే ఆఖరు.

"కొండపేటలో పదిమంది మగపిల్లలకి ఏడుగురే ఆడపిల్లలు. రేవుపేటలో ఎనిమిదిమంది. మీ దగ్గరెట్లా తాతా?"

తాత తీగలకేసి చూశాడు. ఛాతీ ఉబ్బింది. పుట్టి బుద్ధెరిగాక అంత మాట ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఇరవై మూడుకి ఇరవై మూడమ్మా! మా పేటలో ఆడా మగా తేడా చూడం. ఆ కొండపేటోళ్లకి కాస్త గడ్డి పెట్టండి."

పెద్ద టీచరు రిజిస్టరు తిరగేసింది. "ఆడపిల్లలు ఇరవై ఇద్దరే కదా తాతా?"

"రిజిస్టరు తప్పయ్యుంటది. పూస అబద్ధమాడదు."

ముగ్గురూ లోపలికెళ్లి ఆడపిల్లల తలలు లెక్కపెట్టారు. ఇరవై రెండు. తాత పట్టుబట్టి మళ్లీ పెట్టించాడు. అప్పుడూ అంతే. పూస పిల్లల్ని పెట్టిందా ఏమిటని గొణుక్కుంటూ గేటు దగ్గరికొచ్చాడు.

"ఆ పూస నాదే తాతా," అంది మనవరాలు స్టూలు మీంచి. "నువ్వు తాళం వెతుక్కునేటప్పుడు రోజూ జరుపుతా. నేనూ బడికొస్తున్నా కదా!"

"ఈ పాపది ఏ తరగతి?" అడిగింది లెక్కలమ్మ.

అలవాటుగా మనవరాలే అందుకుంది.

"అన్నయ్యని మూడేళ్లకే చేర్చారు. అమ్మ నన్నూ చేర్చమంది. తాత 'ఆడపిల్లకి తొందరేముంది, చూద్దాం' అన్నాడు. నేను లోపలికెళ్తే తాతకి బదులు మాట్లాడేవాళ్లుండరు మరి."

పెద్ద టీచరు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది తాత పని. కొండపేటోళ్ల కోసం తెచ్చిన గడ్డి తన వాకిట్లోనే దిగింది. దుర్మార్గుడినై ఉన్నా కాస్త గౌరవం దక్కేది, ఉత్త బద్ధకస్తుడినని తేలిపోయానే అనుకున్నాడు.

"ఆ రిజిస్టరు ఇట్లా తే తల్లీ," అన్నాడు. నాలుగక్షరాల సంతకం నాలుగు నిమిషాలు పెట్టాడు. మనవరాలు వెనక్కి తిరక్కుండా లోపలికి పరిగెత్తింది.

మర్నాడు ఎవరి తండ్రో వచ్చి బడి ఎన్నింటికి వదులుతారని అడిగాడు. తాత స్టూలుకేసి చూశాడు. ఖాళీ. లోపల అందరికంటే గట్టిగా ఎవరి గొంతు వినిపిస్తోందో ఆయనకి తెలుసు.

గొంతు సవరించుకుని, "పన్నెండింటికి బాబూ," అన్నాడు.