గట్టు కింది చేలు

వాన వెలిసింది. చిన్న ఈరన్న తన చేనికి పోయి చూస్తే విత్తనం పడాల్సిన ఎర్రమన్ను లేదు, గులకరాళ్ళు తేలి ఉన్నాయి.

పైన ఆసామి దేవేంద్రప్ప చేలు. మన్ను కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా సర్కారు సబ్సిడీతో గట్లు పోయిస్తున్నాడు. నిండి మిగిలిన నీళ్ళన్నీ కింది పేదల చేని చెక్కల మీదికి వదిలించాడు. ఆ గట్లకు మన్ను మోసిందెవరు? ఆ పేదలే. ‘వాళ్ళు తమ వంతు ఖర్చు పెట్టుకోలేరు, కింద గట్లు దండగ’ అని ఆఫీసరుకు చెప్పింది మాత్రం దేవేంద్రప్ప.

ఇంత జరిగితే ఈరన్న కడుపు మండింది ఎవరి మీదనుకున్నారు? తనలాంటి పేదోడే అయిన పక్కింటి లేవి మీద!

దేవేంద్రప్ప చేల నడుమ లేవిది ఒక చెక్క ఉంది. గట్టు తెగకుండా సాగాలంటే అందులోంచి పోక తప్పదు. అలా అతనికీ సబ్సిడీ గట్టు దక్కింది, చేనిలో తేమ నిలిచింది. అది చూసి ఊళ్ళో పేదలంతా కుళ్ళుకున్నారు.

“సర్కారు అల్లుడయినాడప్పా మీ లేవి,” అని దేవేంద్రప్ప నవ్వుతూ ఎగదోశాడు.

ఆ పేదలకు ఇంటికొక్కటే ఎద్దు. ఇద్దరు జతకట్టి ఇద్దరి చేలూ విత్తుకుంటారు. లేవి ఎద్దుకు ఈరన్న ఎద్దు జోడు. తెల్లారి లేవి కాడి భుజాన వేసుకుని వస్తే ఈరన్న ఎద్దును విప్పలేదు.

“గట్టు గలోనివి, నా ఎద్దుతో నీకేం పనప్పా?”

“నేల పదును ఆరిపోతాండాది ఈరన్నా. నీ చేనే ముందు విత్తుదాం.”

“నాకు చేను యాడుండాది? నీళ్ళు తీస్కపోయె!”

లేవి తిరిగిపోయాడు. ఎండ ముదిరింది. చేలు తనకు గుత్తకు రాసిస్తే తన ఎద్దులు తోలిస్తానని దేవేంద్రప్ప పేదలకు కబురు పంపాడు. ఆ మాట తేల్చుకోవడానికి చర్చి ముందర జనం కూడారు. ఈరన్న పెండ్లాం సిద్దమ్మ మొగుని మీద విరుచుకుపడింది.

“ఆయప్పకు అంత పొడుగు గట్టు పోస్తిమే, ఆ పొద్దు నీకు మండలేదే? పక్కింటోని పిడికెడు మన్ను చూస్తే నిద్ర పట్టదే నీకు! కుళ్ళుకుంటే ఆయప్పను చూసి కుళ్ళుకో!”

ఈరన్న తల ఎత్తలేదు. లేవి లేచాడు.

“ఆయన గట్టు ఇంకా సగముండాది. మన చేలకూ గట్టు ఏసేదాకా ఒక్క గంప మన్ను ఎత్తొద్దు.”

మరునాడు ఆఫీసరు జీపు వచ్చేసరికి గంపలన్నీ బోర్లించి ఉన్నాయి.

“పక్కూరోళ్ళను పిలిపిస్తా!” అన్నాడు దేవేంద్రప్ప.

“పిలుసుకో సామీ. వాళ్ళ చేలూ ఎవురో ఒకరి గట్టు కిందనే ఉండాయి,” అంది సిద్దమ్మ.

పోలీసులు వచ్చారు. సర్కారు పని ఆపాడని లేవి రెక్కలు విరిచి కట్టారు. వ్యాను ఎక్కుతూ లేవి అరిచింది ఒక్కటే మాట: “పదును పోతాండాది ఈరన్నా!”

ఈరన్న పరుగున ఇంటికి పోయి ఎద్దును విప్పాడు. లేవి ఎద్దు పక్కన దాన్ని కట్టి విత్తే గొర్రు పట్టాడు. ఇద్దరి చేలల్లో తేమ మిగిలింది లేవి చేనిలోనే.

“పండింది రెండిళ్ళూ తిందాం,” అంది లేవి భార్య రత్నమణి. సిద్దమ్మ ఆమె పక్కన నడుస్తూ గొర్రులో కొర్రల విత్తనం పోసింది. మిగిలిన ఎద్దుల జతలూ తమ చేలల్లో తేమ ఉన్న మూలలు వెతుక్కుంటూ కదిలాయి.

సగంలో ఆగిన గట్టు మీద నిలబడి దేవేంద్రప్ప చూశాడు. ఆ పొద్దు కుళ్ళుకోవడం అతని వంతయింది. గంపలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.