సాలు అన్న పాపానికి

చౌడమ్మ కూడు చెడగొట్టింది ఒక్క మాట. ఆ మాట అన్నవాడు ఆమెకు పగవాడు కాదు, ఆమె చేతుల మీద బతుకుతున్న మనిషి.

నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను, వినండి. నా పేరు శోభారాణి. మంచాన పడినవాళ్ల ఇళ్లకు పోయి సేవ చేసే పని మాది. ఎవరింటికి ఎవరు పోవాలో ఫోన్‌లో ఒక యాప్ చెబుతుంది. హిందూపురంలో ఒక కంపెనీ దాన్ని తయారు చేస్తోంది. ఆ ఉదయం యాప్ నన్ను అదే ఊళ్లో జయరాజు ఇంటికి పొమ్మంది. ఫ్యాక్టరీలో పైనుంచి పడి, మెడ కింద ఒళ్లంతా చచ్చుబడిన మనిషి. భార్య హరిత గార్మెంట్స్ షిఫ్టుకు పోతే ఇంట్లో ఇంకో దిక్కు లేదు.

నన్ను చూడగానే ఆయన ముఖం మాడిపోయింది.

"సౌడమ్మక్క యాడ?"

"ఆమెను తీసేసినారన్నా. నువ్వే ఇంక సాలన్యావంట."

"నేనా? నేనెప్పుడంటి?"

కాసేపటికి ఆయనకే గుర్తొచ్చింది. ముందురోజు యాప్‌లో కొత్తగా పెట్టిన మిషన్ గొంతు ఫోన్ చేసింది. 'మా సేవ మీకు సరిపోతోందా? చెప్పండి' అని అడిగింది. చౌడమ్మ అప్పుడే ఆయన ఒళ్లు తుడిచి పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ప్రాణం హాయిగా ఉంది. 'సాలు తల్లీ, సాలు' అన్నాడు. మన సీమలో కడుపు నిండినా అదే మాట, మనసు నిండినా అదే మాట. మిషన్‌కు ఆ సంగతి ఏం తెలుసు? చాలు అంటే ఇక వద్దని రాసుకుంది. ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకున్నది చౌడమ్మే. ఆ మాట విని నవ్విందట కూడా.

"నా నోటితో నేనే ఆయమ్మ పొట్ట కొడితినే" అని జయరాజు ఏడ్చాడు. కన్నీళ్లు తుడుచుకునే వీలు కూడా లేదాయనకు. నేనే తుడిచాను. కానీ ఆయన్ను ఎత్తడం నాకు చేతకాలేదు. ఏ ఒంటికి ఆ ఒంటి పట్టు ఉంటుంది, అది కొత్త చేతికి దొరకదు. ఆయన మెడ నొప్పికి అరుస్తుంటే నాకు చచ్చిపోవాలనిపించింది.

మధ్యాహ్నం హరిత షిఫ్టు దిగి ఇంటికొచ్చింది, చౌడమ్మ పెనుకొండ నుంచి బస్సులో వచ్చింది. ఇద్దరం కంపెనీ ఆఫీసు మెట్లెక్కాం. యాప్ రాసే ఆనంద్ అనే కుర్రాడు మంచివాడే, తలెత్తి మా ముఖాలు మాత్రం చూడలేదు.

"యాప్ ఇంకా డెవలప్‌మెంట్‌లో ఉందమ్మా. తప్పులు వస్తుంటాయి."

"తప్పని తెల్సు గదప్పా, దిద్దరాదా?" అంది చౌడమ్మ.

"నేను అడిగినా. ఓనర్లు వద్దంటాండారు."

ఎందుకు వద్దంటారు? పాతవాళ్లు పోతే కొత్తవాళ్లను ట్రైనింగ్ పేరుతో తక్కువ కూలికి పెట్టుకోవచ్చు. నన్ను పెట్టుకున్నది అలాగే. మిషన్ తప్పు వాళ్లకు నష్టం తెస్తే ఆ పూటే దిద్దుతారు. లాభం తెస్తే అది తప్పే కాదు.

ఆ ఆదివారం పెనుకొండలో చౌడమ్మ ఇంటి ముందు సేవ చేసే ఆడవాళ్లం, హరిత లాంటి ఇంటివాళ్లు అందరం కూడాం. ధర్మవరం నుంచి వచ్చిన శ్రీదేవి కోపంతో ఊగిపోయింది. ఆమె పనీ అలాగే పోయింది.

"సాలన్నది వాళ్లే గదా! వాళ్ల కోసం మనమేల ఏడ్సల్ల?"

హరిత లేచింది. "అక్కా, మా ఆయన ఈపంతా పుండ్లు. మిమ్మల్ని తీసేసింది మేం కాదు. మా నోట్లో మాట గుంజుకోని మీ నెత్తిన కొట్టినారు."

పని ఆపేద్దామని ఒకరన్నారు. ఫ్యాక్టరీలో సమ్మె చేస్తే మిషన్లు ఆగుతాయి. మేం సమ్మె చేస్తే మనుషులు చస్తారు. ఈ పాడు పనిలో మా చేతులు ఎట్లా కట్టేశారో ఆ రోజు నాకు అర్థమైంది.

చివరికి చౌడమ్మ అంది: "ఇడ్సిపెట్టి పోలేం గదా. అయితే ఎత్తుకోనే పోదాం."

సోమవారం మంచాన పడినవాళ్లను ఎత్తుకునే హిందూపురం ఆఫీసుకు పోయాం. ధర్మవరం వాళ్లు రైల్లో, మిగతావాళ్లు ఆటోల్లో వచ్చారు. ఆఫీసుకు లిఫ్టు లేదు. నడవలేనివాళ్ల కోసం పెట్టిన కంపెనీకి మెట్లు తప్ప దారి లేదు! ఆఫీసు ముందు సందులోనే చాపలు పరిచి వాళ్లను పడుకోబెట్టాం. ఎంత అరిచినా పైనుంచి ఒక్కరూ దిగలేదు. పోలీసులు దిగారు. సేవ చేసే ఆడవాళ్లందరినీ ఈడ్చి వ్యాన్‌లో వేశారు. చాపల మీద మనుషులు ఎండలో మిగిలిపోయారు. వ్యాన్ కిటికీ జాలీలోంచి చూస్తూ మేం ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయాం.

సందు ఇరుకు. చాపలు తీస్తే గానీ వ్యాన్ కదలదు. కానిస్టేబుల్ జయరాజు చంకల కింద చెయ్యి పెట్టాడు.

"ముట్టుకోవద్దు సార్!" జయరాజు కేక పెట్టాడు. "నన్నెట్ల ఎత్తల్లో తెలిసిన చేతులు ఆ వ్యాన్లో ఉండాయి. వాటిని దించు."

కానిస్టేబుల్ భయపడి వెనక్కి తగ్గాడు.

అప్పుడు చాప పక్కనే కూర్చున్న హరిత చేతిలో ఫోన్ మోగింది. ఆమె చూసి, స్పీకర్ పెట్టి, జయరాజు నోటి దగ్గర పట్టుకుంది.

'మా సేవ మీకు సరిపోతోందా? చెప్పండి.'

జయరాజు మా వ్యాన్ వైపు చూశాడు.

"సాల్లేదు!"

పక్క చాప మీది ముసలాయన కూడా అన్నాడు. ఆ పక్కన మాట సరిగా తిరగని పిల్ల కూడా అంది. వ్యాన్‌లోంచి మేమూ అరిచాం. చౌడమ్మ గొంతు అన్నిటికంటే పైకి లేచింది. మేడ మీద ఆనంద్ కిటికీ తెరిచాడు.

ఫోన్‌లో గొంతు మెత్తగా చెప్పింది: 'మీ మాట అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి.'

మళ్లీ చెప్పాం.