మెట్ల బ్యాచ్ మౌనం

గెలిచారు. అదీ ఒక్క పాయింటుతో, ఆట ఇంకా నాలుగు సెకన్లు ఉందనగా. కొత్తగూడెం డిగ్రీ కాలేజీ ఆడపిల్లలు ఉమ్మడి జిల్లా బాస్కెట్‌బాల్ కప్పు ఎత్తడం ఆ కాలేజీ పుట్టాక ఇదే మొదలు. ఉషారాణి చేతిలోంచి లేచిన బంతి రింగు అంచు మీద కాసేపు తటపటాయించి లోపలికి పడింది. ఖమ్మం స్టేడియంలో సిమెంటు మెట్ల మీదున్న నూటయాభై మంది ఒక్కసారిగా లేచారు. హాస్టల్ మెస్సు నుంచి ఎత్తుకొచ్చిన స్టీలు కంచాలను సొట్టలు పడేదాకా బాదారు.

వాళ్లకు మెట్ల బ్యాచ్ అని పేరు. ఎక్కడ ఆట ఉంటే అక్కడికి బస్సుల్లో, బైకుల మీద పోయి, కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే మెట్ల మీదే కూర్చుంటారు. ఆ బ్యాచ్‌కు చేతులు నాగచైతన్యవి, గొంతు హేమలతది. అతను డ్రమ్ము కొడితే ఆమె లేచి "ఎవరిదిరా బంతి?" అని అరుస్తుంది. "మనదే!" అని మెట్లు అదిరిపోతాయి. మూడేళ్లుగా ఇదే తంతు. హేమలత గొంతు లేకపోతే తమ జట్టు సగం బలం పోయినట్టేనని ఆటల మాస్టారు భాస్కర్ సార్ మీటింగుల్లో చెప్పేవాడు. ఆ మాటకు ఆమె లోలోపల ఎంత పొంగిపోయేదో ఆమెకే తెలుసు.

ఇంకో సంగతి కూడా ఆమెకే తెలుసు. హాజరు పట్టీలో ఆమె బి. హేమలత. ఆ 'బి' బానోత్. తండ్రి బద్యా ఇల్లందులో బొగ్గుబాయి పనివాడు కాబట్టి ఆమె బాయి క్వార్టర్లలో పెరిగింది. వాళ్ల తండా జూలూరుపాడు అవతల ఉంది. మొదటి ఏడాది హాస్టల్లో ఒకమ్మాయి "ఆ తండా వాళ్లకేం, సీట్లు వాళ్ల కోసమే దాచిపెడతారు" అని నవ్వినప్పుడు, గదిలో ఎవరూ తనవైపు చూడలేదని హేమలత గమనించింది. గమనించి ఊరుకుంది. ఆ ఒక్క రోజు ఊరుకున్న పాపానికి మూడేళ్లు ఊరుకోవాల్సి వచ్చింది. కాలేజీలో ఈ విషయం తెలిసిన మనిషి ఉషారాణి ఒక్కతే. ఆమెదీ ఆ పక్క తండాయే. నలుగురిలో హేమలతతో తెలుగులోనే మాట్లాడేది, ఎన్నడూ నోరు జారలేదు. అలాంటి స్నేహితురాలు దొరకడం అదృష్టం. ఆ అదృష్టాన్ని హేమలత ఏం చేసుకుందో చెబుతాను.

కప్పు చేతికి రాగానే ఉషారాణి నాయనమ్మ ద్వాలి కోర్టులోకి వచ్చింది. మనవరాలు హాస్టల్, ప్రాక్టీసు అంటూ ఇంటి మొహం చూసి ఆరు నెలలైంది. రెండు బస్సులు మారి ఖమ్మం వచ్చిన ముసలామె, మనవరాలి మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల ఆనించి, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. ఉషారాణి కూడా కప్పు కింద పెట్టేసి, చెమటతో తడిసిన ఆ జెర్సీలోనే నాయనమ్మను పట్టుకుని అదే రాగంలో బదులు ఏడ్చింది.

లంబాడా ఆడవాళ్లు చాలా రోజులకు కలిస్తే అలాగే ఏడుస్తారు. అది ఊరికే ఏడుపు కాదు. అందులో మాటలుంటాయి, మంచీ చెడూ ఉంటాయి, ఒకరు ఆపితే ఒకరు అందుకుంటారు. మనం కుర్చీ వేసి మంచినీళ్లిచ్చి క్షేమం అడిగినట్టే వాళ్లు ఏడ్చి అడుగుతారు. అందులోని ప్రతి మాటా హేమలతకు అర్థమైంది. ఎంత చిక్కిపోయావే తల్లీ అంటోంది ద్వాలి. నల్లావు ఈనింది, పెయ్యదూడ పుట్టింది, పత్తి వానకు నానింది అంటోంది. మీ తాత లాలు ఒక్క ఏడాది ఆగి ఉంటే ఈ గెలుపు చూసి పోయేవాడు కదా అంటోంది.

మెట్ల మీద కంచాలు ఆగాయి. నాగచైతన్య డ్రమ్ము పుల్లలు పట్టుకుని ఆమె దగ్గరికి వంగి అడిగాడు.

"ఎవరన్నా పోయారా ఏంటి హేమా? ఏమంటోంది ఆవిడ?"

"ఏమో. నాకేం తెలుసు?"

ఇంతే అంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చుంది. నాగచైతన్యది సత్తుపల్లి వైపు, తోటలున్న కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు. వచ్చిన చిక్కే అది, చెడ్డవాడైతే తిట్టేసి ఊరుకోవచ్చు. అతను నిజంగానే కంగారుపడి భాస్కర్ సార్ దగ్గరికి పరుగెత్తి, ఉషారాణి ఇంట్లో ఎవరో పోయారని చెప్పాడు. సార్ మైకు అందుకున్నాడు. మన క్రీడాకారిణి ఇంట విషాదం జరిగింది, అందరూ లేచి ఒక నిమిషం మౌనం పాటించాలి అన్నాడు. నూటయాభై మంది లేచి తలలు దించారు. ఓడిన జట్టు కూడా పాపం తలలు దించింది. వాళ్లతోపాటు హేమలత కూడా, అన్నీ తెలిసిన హేమలత కూడా, చేతులు కట్టుకుని తల దించుకుంది.

ఆ నిశ్శబ్దానికి ద్వాలి బెదిరిపోయి ఏడుపు ఆపింది. చుట్టూ చూసి, ఎవరు పోయారు బిడ్డా అని మనవరాలినే అడిగింది. సార్ దగ్గరికొచ్చి ఓదార్చబోతే ఉషారాణి కళ్లు తుడుచుకుని, ఎవరూ పోలేదనీ, గెలిచామన్న సంతోషమనీ చెప్పింది. సార్ మైకు ఆపడం మరిచిపోయాడు. ఆ మాట స్టేడియమంతా వినబడింది. మెట్ల మీద ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత అందరూ నవ్వారు, కంచాలు కొట్టి మరీ నవ్వారు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

సాయంత్రానికి రీలు వచ్చేసింది. ముందు ద్వాలి ఏడుపు, తర్వాత తలలు దించిన జనం, కింద 'మేం గెలిస్తే ఇలా ఉంటుంది' అని రాత. పెట్టింది నాగచైతన్య. సోమవారానికి కాలేజీలో అందరి ఫోన్లలోనూ అదే. క్యాంటీన్ దగ్గర ఇద్దరు మగపిల్లలు నెత్తిన చున్నీలు వేసుకుని, ఒకరి మెడ మీద ఒకరు పడి, నోటికొచ్చిన కూతలు కూస్తుంటే చుట్టూ చేరినవాళ్లు పొట్టలు పట్టుకున్నారు. మంగళవారానికి అది మెట్ల బ్యాచ్ కొత్త కేకగా ఖాయమైంది. గురువారం జోనల్ మొదటి ఆట మన గ్రౌండులోనే. ఉషారాణి చేతికి బంతి వచ్చినప్పుడల్లా అందరూ రాగం తీసి ఏడవాలి. ఎత్తుకోవడం మాత్రం హేమలతే ఎత్తుకోవాలని, ఆమె గొంతైతేనే దానికి అందమని నాగచైతన్య బతిమాలాడు. చూద్దాం అంది హేమలత. ఆ మాట తన నోటినుంచి ఎలా వచ్చిందో తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. వాళ్లమీద ఎంత మండిందో తన మీద అంతకు రెండింతలు మండింది.

బుధవారం పొద్దున ఉషారాణి హాస్టల్ డాబా మీద జెర్సీ ఆరేస్తుంటే హేమలత వెళ్లి పక్కన నిలబడింది. ఉషారాణి క్లిప్పులు పెడుతూనే మాట్లాడింది. మొహం తిప్పలేదు.

"నానమ్మ ఫోన్ చేసింది. తండల అందరు చూసిన్రట. నీ పరువు తీసిన్నా బిడ్డా, ఇగ నీ ఆటకు రాను అన్నది."

హేమలత ఏదో అనబోయింది.

"నువ్వు మెట్ల మీదనే ఉన్నవు. నీకు ప్రతి మాట సమజైంది. ఒక్క మాట చెప్తే ఆగిపోతుండె గదనే."

"భయమైంది ఉషా."

"మూడేండ్ల సంది నీ భయం నేను మోసిన. నా నానమ్మను కూడ మొయ్యమంటె ఎట్ల?" అని చివరి క్లిప్పు పెట్టింది. "రేపు వాళ్లు గట్ల ఏడ్చిన్రనుకో, బంతి కింద పెట్టి పోత. మళ్ల ఆడనే ఆడ. నీకు చెప్పిన, అంతే."

ఉత్త బెదిరింపు కాదు. ఉషారాణి అన్నది చేసే మనిషి. ఆట ఆమెకు చదువుకంటే ఎక్కువ. ఏడేళ్ల వయసులో తాత లాలు గుంజకు సైకిలు రిమ్ము కట్టి ఇస్తే దానిలో గుడ్డ బంతి వేస్తూ పెరిగిన పిల్ల. అలాంటిది ఆట వదిలేస్తానంటోంది. హేమలతకు రెండు దారులే మిగిలాయి. నోరు తెరిస్తే మెట్ల మీద తన చోటు పోతుంది, తెరవకపోతే ఉషారాణి ఆటే పోతుంది.

గురువారం మెట్లు కిక్కిరిశాయి. రీలు చూసి పక్క కాలేజీల పిల్లలు కూడా వచ్చారు, ఆటకు కాదు, ఏడుపుకు. మొదటి సగమంతా హేమలత మామూలు కేకలతో నెట్టుకొచ్చింది. నాగచైతన్య రెండుసార్లు సైగ చేశాడు. చూడనట్టు ఊరుకుంది. మూడో క్వార్టర్‌లో ఉషారాణిని ఎవరో తోసేశారు, రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. ఆమె గీత దగ్గర నిలబడి బంతి అందుకుంది. గ్రౌండు సద్దుమణిగింది. నాగచైతన్య డ్రమ్ము మీద సన్నగా దరువు మొదలుపెట్టాడు. చున్నీలు నెత్తిమీదికి ఎక్కాయి, ఫోన్లు పైకి లేచాయి. అందరూ హేమలతవైపు తిరిగారు. ఉషారాణి రింగువైపు చూడటం లేదు, బంతిని నడుముకు ఆనించుకుని మెట్లవైపే చూస్తోంది.

హేమలత లేచింది. కోర్టుకు వీపు పెట్టి బ్యాచ్‌వైపు తిరిగి రాగం ఎత్తుకుంది.

వెనక వరసల నుంచి పదిమంది నవ్వుతూ అందుకున్నారు. రెండో వాక్యానికే తడబడ్డారు. అది కూత కాదు, అందులో మాటలున్నాయి. ఆమె తన భాషలో తండా పేరు చెప్పింది, తల్లి పేరు చెప్పింది, మూడేళ్లుగా మింగినదంతా చెప్పింది, ద్వాలిని పేరుపెట్టి పిలిచి తప్పయింది అంది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి గానీ అది దుఃఖం కాదు, కోపం. ఒక్కొక్కరే ఆపేశారు. దరువు ఆగింది. రిఫరీ కూడా ఈల ఊదడం మరిచి మెట్లవైపే చూస్తున్నాడు. అప్పుడు ఆమె తెలుగులోకి వచ్చింది.

"నేను బానోత్ హేమలతను. మాది తండా. మా ఆడోళ్లు చానా రోజులకు కలిస్తె గిట్లనే ఏడుస్తరు, సంతోషమైతె ఇంకింత ఏడుస్తరు. ఆ ముసలామె మొన్న ఏమన్నదో ఎరుకేనా? ఇంట్ల ఆవు ఈనింది అన్నది. సచ్చిపోయిన ముసలాయన మనుమరాలి గెలుపు చూడకపాయె అన్నది. దాన్ని మీరు నెత్తిన చున్నీలేసుకోని ఆడుకుంటున్రు. తియ్యిరి అవి."

తీశారు. ఫోన్లు కూడా దిగాయి. నాగచైతన్య మొహం పాలిపోయింది.

"మాకేం తెలుసు హేమా? ఆ రోజు నిన్నే కదా అడిగాను. తెలీదన్నావు."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. అందులో అబద్ధం లేదు. అందుకే ఆమెకు ఇంకా మండింది.

"అవ్, అన్న. అది నా తప్పు, ఒప్పుకుంటున్న. నువ్వు అడుగుడు తప్పు కాదు. తెల్వనిదాన్ని చూసి నవ్వుడు తప్పు."

అతను డ్రమ్ము పుల్లలు పక్కన పెట్టి ఫోను అందుకున్నాడు. అందరి ముందే రీలు తీసేశాడు. కానీ ఏం లాభం? దాన్ని అప్పటికే వందమంది వంద రకాలుగా కోసి, పాటలు అతికించి తిప్పుతున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది.

ఉషారాణి రెండు త్రోలూ వేసింది. బంతి కింద పెట్టి వెళ్లలేదు. మిగిలిన ఆటంతా మెట్ల మీద ఎవరూ కేక పెట్టలేదు. కేక ఎత్తుకునే గొంతు కూర్చుండిపోయింది, మిగతావాళ్లకు ఎత్తుకునే మొహం లేదు. బంతి నేలకు తగిలే చప్పుడు, బూట్ల చప్పుడు, రిఫరీ ఈల, అంతే వినిపించాయి. అయినా ఆరు పాయింట్లతో గెలిచారు. ఆటగత్తెలు ఒకరినొకరు హత్తుకుంటుంటే మెట్ల బ్యాచ్ కూర్చునే చప్పట్లు కొట్టింది.

హేమలత మెట్లు దిగి కోర్టులోకి నడిచింది. ఉషారాణి ఎదురొచ్చింది. నాలుగు రోజులుగా ఒకే హాస్టల్లో ఉన్నా వాళ్లిద్దరూ కలుసుకోనట్టే లెక్క. హేమలత ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల ఆనించింది. మూడేళ్లలో నలుగురి ముందు ఆ పని చేయడం అదే మొదటిసారి. మొదటి రాగం గొంతుదాకా వచ్చింది. ఉషారాణి కూడా గట్టిగా పట్టుకుంది. కానీ పెదవులు బిగించి, చెవిలో తమ భాషలో చిన్నగా అంది, ఇక్కడ ఏడవకే, ఫోన్లు ఉంటాయి అని.

హేమలత తల ఎత్తి మెట్లవైపు చూసింది. ఒక్కరి చేతిలోనూ ఫోను లేదు. ఆ మాటే చెప్పింది. ఉషారాణి నమ్మలేదు.