గోల్‌పోస్టు వెనక జగదాంబ

స్టేడియం నిండా జనం. అందరి మొహాలూ మైదానం వైపు ఉంటే జగదాంబ మొహం ఒక్కటే జనం వైపు ఉంది. గోల్‌పోస్టు వెనక ఇనుప కంచెకి వీపు ఆనించి, మొదటి వరస మెట్టు మీద, పేరంటానికి వచ్చినంత నిమ్మళంగా కూర్చుంది. కంచెకి అవతల, నాలుగైదు బారల దూరంలో ఇండియా గోల్‌కీపరు నిలబడి ఉంది. ఆ పిల్ల పేరు శ్వేత. జగదాంబ కన్న ఒక్కగానొక్క కూతురు.

పిచ్చి కాకపోతే ఏమిటంటారు. అనండి. ఫ్యాక్టరీ పనులకి వలసొచ్చిన తెలుగువాళ్ళుండే గోల్‌మురి బజారులో ఆ మాట ఎప్పుడో అనేశారు. సెక్యూరిటీ అమ్మాయి కూడా రెండుసార్లు వచ్చి, "ఆంటీజీ, మ్యాచ్ ఉధర్ హై" అని మైదానం వైపు చెయ్యి చూపించి వెళ్ళింది. మొగుడు అప్పలరాజయితే పక్కన కూర్చోనే లేదు. "నీ పక్కన కూకుంటే తల కొట్టీసినట్టుంటాది నాకు" అని చెప్పేసి, టిన్‌ప్లేటు ఫ్యాక్టరీ దోస్తులతో అవతలి స్టాండులోకి పోయి డప్పు కొడుతున్నాడు. జగదాంబకి తోడు వచ్చింది పక్క క్వార్టరు విమలకుమారి ఒక్కతే. మిషను బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చర్చికి వెళ్ళినా మానినా శ్వేత మ్యాచికి మాత్రం మానదు.

సంగతేమిటంటే, శ్వేతకి తొమ్మిదేళ్ళప్పుడు క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో పిల్లలు బంతాడుతుంటే, బజారు నుంచి వస్తున్న జగదాంబ సంచీ కింద పెట్టి ఒక్క క్షణం ఆగింది. రెండు ఇటికల మధ్య నిలబడి, వచ్చిన బంతిని పొట్టకి హత్తుకుంటోంది పిల్ల. 'నా బంగారుకొండ, ఎంత బాగుందో' అనుకుంది తల్లి. నోటితో కూడా కాదు, మనసులోనే. ఆ మరుసటి బంతికే పిల్ల పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పటికి బతికే ఉన్న అత్తగారు ఉప్పు దిగదుడిచి, "నరుడి కంటికి నల్లరాయి పగులుతాదంటారు, కన్నతల్లి కన్నయితే మరీనే. అంత ఇదిగా సూడకు పిల్లని" అంది. ఒక్కసారి అయితే ఏదో జరిగింది లెమ్మని ఊరుకోవచ్చు. ఏడాది తిరక్కుండా బడి పోటీల్లో గేటు చాటు నుంచి దొంగచూపు చూసింది జగదాంబ. చూస్తుండగానే పిల్ల స్తంభానికి కొట్టుకుని నుదురు పగిలి రక్తం కారింది. అయ్యో, ఇంక ఏ తల్లికి ధైర్యం ఉంటుంది? ఆ రోజు నుంచి ఈ రోజు దాకా కూతురి ఆట వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

పోనీ సంగతి పిల్లకి చెప్పొచ్చు కదా. చెప్పలేదు. గోలులో నిలబడే మనిషి మనసులో భయం వేస్తే ఇంకేమైనా ఉందా? అందుకని, "బంతి సూత్తే నాకు కళ్ళు తిరుగుతాయే" అని ఒక అబద్ధం ఆడింది. అబద్ధం పిల్లతో పాటే పెరిగి పెద్దదయింది.

చూడకపోతేనేం, జగదాంబ దగ్గర శ్వేత ఆడిన ఆటలన్నీ ఉన్నాయి. బజారు మొగలో ఆవిడకి దోసెల బండి ఉంది. షిఫ్టు దిగినవాళ్ళు ప్లేటు పట్టుకుని నిలబడి నిన్నటి మ్యాచి చెప్పేవారు. అందులో గోవిందరావని ఒకడున్నాడు, గోరంతని కొండంత చేసి చెప్పే రకం. "బంతి కన్నా ముందే మన పిల్ల గాల్లోకి లేచీసిందప్పా!" అనేవాడు చట్నీ వేలు గాల్లోకి ఎత్తి. అందరూ ఎగరడమే చెప్పేవారు గానీ, దిగడం ఎవరూ చెప్పేవారు కాదు. అందువల్ల జగదాంబ మనసులో శ్వేత ఎప్పుడూ పైనే ఉండేది. పెనం మీది ఆవిరిలోంచి చూస్తే బజారు మీద, టిన్‌ప్లేటు పొగగొట్టాల మీద, చేతులు చాచి నెమ్మదిగా తేలుతూ పోయేది. దోసె మాడిన వాసన వచ్చాక గానీ జగదాంబ నేలకి దిగేది కాదు.

ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ కొత్త కాదు. కానీ ఇండియా ఆడపిల్లలూ బంగ్లాదేశ్ ఆడపిల్లలూ కప్పు కోసం ఈ గడ్డ మీద తలపడడం ఇదే మొదలు. కిందటిసారి కప్పు వాళ్ళే ఎత్తుకుపోయారు. ఆ కక్ష ఒకటుంది. వారం నుంచి ఆటోవాళ్ళు కూడా వేరే మాట మాట్లాడడం లేదు. మ్యాచికి ముందురోజు టీమ్ హోటల్ నుంచి శ్వేత వీడియో కాల్ చేసింది.

"మమ్మీ, కల్ ఆవోగీ న?"

"వత్తానే. గోలు ఎనకాలే కదా పాసులు, వత్తాను."

"ఆనా నహీ మమ్మీ. దేఖ్‌నా."

వచ్చి కూర్చోవడం కాదు, చూడాలట. బళ్ళో చేరినప్పటి నుంచీ తెలుగుకి హిందీలోనే జవాబు చెప్పే పిల్ల. "సూత్తానే తల్లీ" అంది జగదాంబ. ఫోనులో శ్వేత చాలాసేపు తల్లి మొహం చూసింది. "ఝూఠ్ బోల్ రహీ హో" అంది, అబద్ధమని పసిగట్టి. ఆ తరవాత గొంతు తగ్గించి అడిగింది, నేనంటే నీకు సిగ్గా మమ్మీ అని. నిక్కరు వేసుకుని జనంలో దొర్లుతానని సిగ్గా, ఇంకేమన్నానా అని. నా బళ్ళో డాన్సు చూశావు, నా పరీక్ష రోజు గేటు దగ్గర ఎండలో నిలబడ్డావు, ఇది ఒక్కటే ఎందుకు చూడవు అని. రేపు కూడా చూడకపోతే ఇంకెప్పుడూ రమ్మనను, పక్కా అని చెప్పి పిల్ల ఫోను పెట్టేసింది.

అదీ సంగతి. చూస్తే పిల్ల ఎముకలూ, దేశం కప్పూ ఏమవుతాయో అని బెంగ. చూడకపోతే పిల్లే చేజారిపోయేటట్టుంది.

సాయంత్రం ఎండ వాలుతుండగా ఆట మొదలైంది. వీపు వెనక ఆట నడుస్తుంటే, ఎదురుగా మెట్ల మీద మొహాలు నడిచాయి. బంతి ఎడమకి పోతే వేల మొహాలూ ఎడమకి ఒరిగేవి, కుడికి పోతే కుడికి, గాలికి వరిచేను ఒరిగినట్టు. నోళ్ళు ఒక్కసారే తెరుచుకునేవి. అవి చూస్తూ చూస్తూ జగదాంబకి మత్తులాంటిది కమ్మింది. ఇంతమంది కళ్ళలోనూ తన పిల్లే ఉంది కదా, ఇన్ని కళ్ళతో తనే చూస్తున్నట్టు కదా అనిపించింది. విమలకుమారి పక్కన కూర్చుని మైదానం వైపు తిరిగి అన్నీ చెబుతూనే ఉంది గానీ, ఆ మాటలు ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి. వెనకనించి మాత్రం ఒక గొంతు స్పష్టంగా వినబడుతోంది. "లెఫ్ట్! లెఫ్ట్! ఛోడ్నా మత్!" అని, వదలొద్దని తోటివాళ్ళ మీద అరుస్తున్న గొంతు. ఇంట్లో మంచినీళ్ళు అడగాలన్నా గట్టిగా అడగని పిల్ల. ఇంత గొంతు ఎక్కడ దాచిందో అని తల్లికి ఆశ్చర్యం వేసింది, గర్వమూ వేసింది. వెంటనే గర్వాన్ని మింగేసింది, అది కూడా తగులుతుందేమోనని.

అప్పుడే వెనక వలలో బంతి పడిన చప్పుడైంది. మెట్ల మీద మొహాలన్నీ దీపం ఆర్పినట్టు అయిపోయాయి. మూడో వరసలో సాక్చీలో మిఠాయి దుకాణం నడిపే ముసలి బెంగాలీ బాబు మొహం ఒక్కటే వెలిగింది. వాళ్ళ నాన్నది ఆ దేశమేనట. చుట్టూ చూసి, తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. జగదాంబకి ఆయన మీద కోపం రావాలి. రాలేదు.

సగం ఆట అయ్యాక జట్లు పక్కలు మారాయి. శ్వేత అవతలి కొసకి పోయింది. ఇప్పుడు జగదాంబ వీపు వెనక నిలబడింది బంగ్లాదేశ్ గోల్‌కీపరు. ఫ్లడ్‌లైట్లు వెలిగాయి. ఆ వెలుగులో మొహాలన్నీ పసుపు రాసినట్టున్నాయి. ఆకాశం అంచున ఉక్కు ప్లాంటు వైపు ఎర్రటి కాంతి లేచి కాసేపు ఊగి తగ్గింది, ఈ ఊళ్ళో దాన్ని ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఇంతలో స్టాండంతా పైకి లేచింది. అవతల అప్పలరాజు డప్పు పగిలిపోయేటట్టు మోగింది. "కొట్టేశాం వదినా! సమం చేసేశాం!" అని విమలకుమారి జగదాంబ భుజం పట్టి కుదిపేసింది. ఆ గోలలోనే, వెనకనించి, "ఓ మా గో" అని ఒక సన్నటి గొంతు వినబడింది. ఆ పరాయిపిల్ల గొంతు. భాష రాకపోయినా ఆ మాట ఎవరికి అర్థం కాదు? ఈ పిల్ల తల్లి ఎక్కడ కూర్చుని చూస్తోందో, చూడడానికి ధైర్యం చేసిందో లేదో అనుకుంది జగదాంబ.

ఆట సమంగానే ముగిసింది. పెనాల్టీలకి వచ్చింది. అన్నీ ఈ కొసనే, జగదాంబ వెనకనే. ఒకరి తరవాత ఒకరు వచ్చి తన్నారు. మొహాలు పడ్డాయి, లేచాయి, మళ్ళీ పడ్డాయి. చివరికి మన పిల్ల ఒకత్తి తన్నిన బంతి కర్రకి తగిలి పైకి పోయింది.

"ఇప్పుడు వాళ్ళమ్మాయి గోలు కొడితే కప్పు వాళ్ళది. మన శ్వేత ఆపితే ఇంకా ఉన్నాం" అంది విమలకుమారి. తరవాత అంది, "వదినా. పిల్ల నీళ్ళు తాగడానికి పోస్టు దగ్గరికి వచ్చింది. నీవైపే చూస్తోంది."

"నన్ను సూడొద్దని సెప్పండి. బంతిని సూసుకోమనండి."

"నువ్వే చెప్పు."

"మీకు తెలీదేటండీ నా బాధ? సూత్తే తగులుతాది."

విమలకుమారికి ఎక్కడ లేని కోపం వచ్చింది. బళ్ళో పిల్లల్ని కసిరినట్టు కసిరింది. "కన్ను తగులుతుందని ఇన్నేళ్ళూ నీ వీపు తగిలించావు దానికి. అదేమన్నా తక్కువ దెబ్బ అనుకుంటున్నావా?"

ఆ మాట పూర్తయ్యేలోపే కంచె అవతలనించి, చాలా దగ్గరగా, పిలుపు వినబడింది. మమ్మీ అని కాదు.

"అమ్మా. ఓపాలి ఇటు సూడే."

బళ్ళో చేరక ముందు పిలిచిన పిలుపది. తల్లీ పైడితల్లీ, తగిలేదేదో నాకే తగలనీ అనుకుని, కంచె పట్టుకుని లేచి, తిరిగింది జగదాంబ.

మైదానం అంత పచ్చగా ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ పచ్చదనం ముందు ఒక పెద్ద మనిషి నిలబడి ఉంది. మెడ మీద చెమట, మోకాలికి మట్టి, ఒంటికి అంటుకున్న తడి చొక్కా. ఇంత ఎప్పుడు ఎదిగింది? శ్వేత తల్లి కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, తల ఊపి, వెనక్కి తిరిగి గీత మీదికి పోయింది. విజిల్ వినబడింది. పిల్ల వంగింది, లేచింది, కుడివైపు గాల్లో పొడుగ్గా సాగింది. ఎవరూ చెప్పనిదేదో అప్పుడు చూసింది. పిల్ల పడింది. భుజం నేలకి తగిలి, గడ్డిలో దొర్లి, బోర్లా ఆగింది.

చుట్టూ పెద్ద చప్పుడు లేచింది. ఏ చప్పుడో జగదాంబకి తెలియలేదు. సాయంత్రమంతా మొహాల్లో చదివిన మనిషి, ఇప్పుడు చదవడానికి ఎదురుగా ఒక్క మొహమూ లేదు. వెనక్కి తిరిగి చూద్దామంటే కళ్ళు పిల్ల మీంచి రావడం లేదు. లేవవే, లేవవే అంటోంది లోపల. శ్వేత మోకాళ్ళ మీద లేచింది. చేతులు బాగానే ఉన్నాయి. నుదురు బాగానే ఉంది. నిలబడింది. తోటి పిల్లల దగ్గరికి పోకుండా, గ్లవ్స్ లాగేసుకుంటూ నేరుగా కంచె దగ్గరికి వచ్చింది.

"గెలిసీసినామేటే?" అంది జగదాంబ.

శ్వేత తల అడ్డంగా ఊపింది. "ఓడిపోనాం అమ్మా."

అంతే, జగదాంబకి ఆగలేదు. కంచె కన్నాల్లోంచి పిల్ల వేళ్ళు పట్టుకుని బావురుమంది. "నా కన్నేనే. నేను సూసినాను కాబట్టే. చిన్నప్పుడు సూత్తే నీ సెయ్యి ఇరిగింది, మళ్ళీ సూత్తే తల పగిలింది. అందుకేనే ఇన్నేళ్ళూ సూడలేదు. నువ్వంటే సిగ్గు కాదే తల్లీ, నువ్వంటే బయం నాకు, నీకేటవుతాదోనని బయం..."

శ్వేత వెనకాల బంగ్లాదేశ్ ఎర్రచొక్కాల పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తూ నవ్వుతూ గంతులేస్తున్నారు. "అందుకా?" అంది శ్వేత. మళ్ళీ అంది, "ఇన్నేళ్ళూ అందుకా?" ఓడినందుకు ఆగిన ఏడుపూ దీనికి వచ్చిన ఏడుపూ కలిసి ఒక్కసారే తన్నుకొచ్చాయి. కంచెకి నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లి వేళ్ళు వదల్లేదు.

ఏడుపు కాస్త తగ్గాక ముక్కు తుడుచుకుని, చిన్నపిల్లలా అడిగింది. "అయితే సూసినావు కదా. నేను దూకడం సూసినావా?"

"సూసినానే. కుడిపక్కకి దూకినావు. ఎంత పొడుగు సాగినావో! పడినావు, లేచినావు. అంతా సూసినాను."

"బంతి నా ఏలికి తగిలింది. సూసినావా? కొంచెంలో పోయింది."

జగదాంబ ఆలోచించింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"బంతి ఎటెలిపోనాదో నాకు తెలీదే" అంది. "నేను నిన్నే సూత్తన్నాను."

అవతల టీమువాళ్ళు పేరు పెట్టి పిలుస్తున్నారు, మెడల్స్ ఇస్తున్నారు రమ్మని. శ్వేత కదల్లేదు.

"మళ్ళీ సెప్పు" అంది. "నేనెలా దూకినానో."

జగదాంబ కొంగుతో కళ్ళు తుడుచుకుని మొదటి నుంచి చెప్పింది.