క్లచ్చుకి అందని కాలు

అడ్మిషన్ కోసం పెద్దబడికి రెండుసార్లు వెళ్లొచ్చి డ్రైవరమ్మ రెండున్నర అంగుళాలు పొట్టిదైపోయింది. జరిగిన తప్పు అదే. మిగతాదంతా దాని వెనకాల వచ్చింది.

పొట్టైపోవడం ఆ ఊళ్లో కొత్తేమీ కాదు. ఆ బడి అడ్మిషన్ల గదిలో కూర్చున్న తల్లిదండ్రులు ఎవరైనా ఎంతో కొంత తగ్గే బయటికొస్తారు. నచ్చనిదానికి తలూపితే నూలుపోగంత, నవ్వు రాని మాటకి నవ్వితే గోరంత. ఎవరికెంత తగ్గిందో డ్రైవరమ్మ మొగుడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అతను టైలరు. అడ్మిషన్ల నెలల్లో కొట్టు నిండా పొడుగు తగ్గించాల్సిన ప్యాంట్లే.

"కత్తిరించేయవయ్యా, మళ్లీ పెరుగుతామా ఏంటి!" అని పెద్దమనుషులు గర్వంగా చెప్పి పోయేవారు. అతను కత్తిరించేవాడు. ఆ ముక్కలతో ఆమె బస్సు అద్దాలు తుడిచేది. ఊరి గౌరవమంతా దుమ్ము తుడవడానికైనా పనికొచ్చేది.

ఆమెది ఏడో నంబరు బస్సు. పొద్దున్న ఏడుంపావుకి డిపోలో బయల్దేరి, ఆసుపత్రి దాటి, పెద్దబడి దాటి, మార్కెట్టు అవతల ఉన్న రేకుల బడి దాకా వెళ్తుంది. ఆరేళ్ల కూతురు డ్రైవరు వెనక సీట్లో కూర్చుని చివరిదాకా వచ్చి ఆ రేకుల బళ్లో దిగేది. అక్కడ మూడు తరగతులకి ఒక్క టీచరు. పిల్ల మాత్రం దుకాణాల బోర్డులన్నీ చదువుకుంటూ పోయేది, కొన్ని తలకిందులుగా కూడా.

ఏడూ నలభైకి పెద్దబడి ముందు స్టాపు. ఆ స్టాపులో బస్సుకి తప్ప అన్నిటికీ చోటుండేది. గేటు పక్కన ఇంత బోర్డు. 'పిల్లలను దించు కారు తొంభై సెకన్లకు మించి ఆగరాదు. ఎడమ తలుపు నుండియే దిగవలెను. తల్లులు దిగరాదు. వీడ్కోలు కారులోనే ముగించుకొనవలెను. హారన్ మోగించరాదు.' ఇలా పద్నాలుగు నిబంధనలు. కార్ల వరస నిండిపోయాక బస్సుస్టాపులోకి వచ్చి ఆగే కార్ల గురించి పదిహేనోది రాయడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

బస్సులోంచి చూస్తే ఆ కార్లు వాటంతటవే నడిచొస్తున్నట్టుండేవి. స్టీరింగు పైన ఒక నుదురు, రెండు కళ్లు, అంతే. తండ్రులు దిండ్లేసుకుని కూర్చునేవారు. ఉద్యోగం పెద్దదైనకొద్దీ దిండ్లు పెరిగేవి.

"బెత్తెడు మనిషికి బారెడు కారు," అని డ్రైవరమ్మ రోజూ అనేది. వెనక కూర్చున్నవాళ్లు రోజూ నవ్వేవారు.

ఆమెని ఆ బడికి తోసింది ఆడపడుచు. ఆమె కొడుకు అక్కడే చదువుతున్నాడు. ఒకప్పుడు అన్నగారి భుజం దాటి ఉండే మనిషి ఇప్పుడు మోచేతి దగ్గరికి వచ్చింది. కింద నుంచి పైకి చూస్తూ కూడా ఎదుటివాళ్లని చిన్నచూపు చూడగలిగిన ప్రజ్ఞ ఆమెది.

"పిల్లని ఆ రేకుల కింద ఎన్నాళ్లు మగ్గబెడతావు వదినా? మావాడు ఫోర్కుతో తింటున్నాడు, తెలుసా?"

"వాడి చేతులకేమైంది?"

"అదిగో, అక్కడ మాత్రం ఇలా మాట్లాడకు. ఊఁ అంటే చాలు. పోయేదేముంది, అంగుళమో అరంగుళమో!"

"నీకు పోయేది అంగుళం. నాకు పోయేది బస్సు."

ఆ మాట నిజం. డిపో గోడ మీద ఎర్రగీత ఉంది. నెలాఖరు శుక్రవారం డ్రైవర్లంతా చెప్పులు విడిచి దానికి వీపు ఆనించి నిలబడాలి. తల గీత దాటకపోతే బస్సివ్వరు. ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులుండే గదిలో కూర్చోబెడతారు. ఇప్పటికే ముగ్గురు డ్రైవర్లు అక్కడ గొడుగులు విప్పుతూ మూస్తూ కాలం గడుపుతున్నారు. డ్రైవరమ్మ తల గీతకి అంగుళమున్నర పైన ఉంది. పదహారేళ్లుగా నడుపుతున్న బస్సుకీ గొడుగుల గదికీ మధ్య ఉన్నది ఆ అంగుళమున్నరే.

అయినా వెళ్లింది. మూడు తరగతులకి ఒక్క టీచరు గదా.

మొదటిసారి బడి చూపించారు. ఎవరూ ముట్టుకోని పియానో చూపించారు, తాళం వేసిన ప్రయోగశాల కిటికీలోంచి చూపించారు. టైలరు ప్రతిదానికీ "అబ్బో" అన్నాడు, తగ్గాడు. చివరికి అడ్మిషన్ల మేడమ్ గదిలోకి తీసుకెళ్లారు. మేడమ్ మంచి పొడగరి. ఏటేటా ఇంకా పొడుగవుతోంది. ఆ గది గుమ్మం ఇప్పటికి రెండుసార్లు ఎత్తు పెంచారు.

"వాహనం అన్నచోట బస్సు అని రాశారు," అంది మేడమ్ దరఖాస్తు చూస్తూ. "పొరపాటనుకుంటా."

"పొరపాటేం కాదు. నలభై రెండు సీట్లు."

"అయితే పార్కింగు కష్టమేనండీ మీకు!" అని మేడమ్ తన మాటకి తనే నవ్వింది. టైలరు నవ్వాడు. నవ్వుతూ పెళ్లాం మోచేతిని పొడిచాడు. ఆమె కూడా నవ్వింది. ఆ గదిలోంచి బయటికొచ్చేసరికి అరంగుళం పోయింది.

రెండోసారి మంగళవారం మధ్యాహ్నం పిలిచారు. ఈసారి మేడమ్ టీ ఇప్పించింది.

"పాప తెలివైనదండీ. సీటు దాదాపు ఇచ్చేసినట్టే. ఏడో నంబరు బస్సు మీదేనటగా?"

"నాదే."

"పొద్దున్న మా గేటు ముందు ఆగుతుంది చూడండి, అదే మాకు తలనొప్పి. కార్లు ఇరుక్కుపోతున్నాయి. ఏడున్నర నుంచి ఎనిమిదింపావు వరకు మీరు ఆపకుండా వెళ్లిపోతే చాలు. ఎక్కేవాళ్లు తర్వాతి స్టాపు దాకా నడుస్తారు. నడక మంచిదే కదా!"

ఆ స్టాపులో ఎవరెక్కుతారో డ్రైవరమ్మకి తెలుసు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి పక్కవీధి గదుల్లో బట్టలు మార్చుకుని వచ్చే ఆయాలు. చంకలో కర్ర ఉన్న వడ్రంగి. పెద్దబడికే తెల్లవారుజామున వంట చేసి వెళ్లే వంటమనిషి. తెలిసీ, టీ కప్పు వంక చూస్తూ, "సరేనండీ," అంది.

కుర్చీలోంచి పాదాలు నేల వదిలాయి. ఒక్క దెబ్బకి రెండంగుళాలు.

ఆ సాయంత్రం టైలరు ఆమె యూనిఫాం ప్యాంటు అంచు మార్చి కుట్టాడు. తన ప్యాంటు అంతకుముందే కత్తిరించుకున్నాడు.

"శుక్రవారం కొలత ఉంది," అంది ఆమె.

"సీటు వచ్చిందిగా," అన్నాడు తలెత్తకుండా.

"ఏ సీటు? పోయేదా, వచ్చేదా?"

అతను దారం కొరికాడు.

బుధవారం పొద్దున్న క్లచ్చు అందలేదు. సీటు అంచుకి జారి, కాలివేళ్లతో తొక్కుతూ నడిపింది. పదహారేళ్ల సర్వీసు ఉన్న మనిషి కొత్తగా నేర్చుకునేవాళ్లలా గేరు గరగరలాడిస్తుంటే ప్రయాణికులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దబడి స్టాపు వచ్చింది. ఆపలేదు. అద్దంలో వంటమనిషి సంచీ ఊపుకుంటూ పరిగెత్తడం కనిపించింది. లావుపాటి మనిషి. నాలుగు అంగల్లో ఆగిపోయింది.

"అమ్మా, స్టాపు మర్చిపోయావా?" అంది పిల్ల వెనక నుంచి.

"మర్చిపోలేదు."

"మరి?"

"ఇక్కడ బస్సు ఆగకపోతే నీకు ఈ బళ్లో సీటిస్తారు."

పిల్ల మార్కెట్టు దాకా ఆలోచించింది.

"మనకి కారు లేదు కదా. నేను మన బస్సులోనే రావాలి కదా."

"ఊఁ."

"బస్సు ఆగకపోతే ఎలా దిగుతాను? దూకాలా?"

డ్రైవరమ్మ రేకుల బడి ముందు బస్సు ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. కూతురు దిగాల్సిన స్టాపుని కూతురి సీటు కోసం ఇచ్చేసి వచ్చింది. మొగుడికి తట్టలేదు, తనకి తట్టలేదు. ఆ మేడమ్‌కి తట్టి ఉంటుంది. ఫోర్కుతో తినే మేనల్లుడి సంగతేమోగానీ, ఈ చదువు ఆరేళ్ల పిల్లకి రేకుల కిందే వచ్చేసింది.

గురువారం ఏడూ నలభైకి స్టాపు నిండా కార్లే. ఏడో నంబరు వాటి పక్కన, రోడ్డుకి నట్టనడుమ ఆగింది. తలుపు తెరుచుకుంది. ముందు కార్లు కదల్లేవు, వెనక కార్లు రాలేవు. గేటు దగ్గర వాచ్‌మన్ ఈల ఊది ఊది దగ్గు తెచ్చుకున్నాడు. దిండ్ల మీద నుదుళ్లన్నీ బస్సు వైపు తిరిగాయి.

"నిన్నేమైంది డ్రైవరమ్మా, చచ్చీచెడీ నడిచాను!" అంది వంటమనిషి మెట్టెక్కుతూ.

"నిన్న పొట్టిగా ఉన్నానక్కా. స్టాపు కనపడలేదు."

మేడమ్ కోటు ఎగరేసుకుంటూ వచ్చి డ్రైవరు కిటికీ కింద నిలబడింది. అంత పొడగరికీ తల ఎత్తక తప్పలేదు.

"మనం ఒకటి అనుకున్నాం కదండీ!"

"అనుకున్నాం. నేను సరే అన్నాను."

"మరి?"

"ఆ సరే వెనక్కి తీసుకుంటున్నాను."

"సీటు పోతుంది, ఆలోచించుకోండి."

"ఇది నా సీటు," అంది డ్రైవరమ్మ. "దీనిమీద కూర్చునే చెబుతున్నాను."

ఎడమకాలు కిందికి సాగింది. క్లచ్చు పాదం కిందికి నిండుగా వచ్చింది. కిటికీ కింద మేడమ్ కోటు చేతులు మణికట్టు దాటి వేళ్ల మీదికి జారాయి. ఆమె వాటిని పైకి లాక్కుని గేటు లోపలికి నడిచింది. ఆ నడక కొంచెం తొట్రుపడింది.

ఆ సాయంత్రం పిల్లకి అన్నం పెట్టాక టైలరు యూనిఫాం ప్యాంటు ఒళ్లో వేసుకుని అంచు కుట్లు విప్పడం మొదలెట్టాడు. లోపలి నుంచి రెండంగుళాల గుడ్డ బయటికొచ్చింది.

"కత్తిరించలేదా?"

"మడిచి కుట్టాను. నీ నోటి సంగతి నాకు తెలీదా!"

"మరి నీది కత్తిరించేశావే?"

"నా సంగతీ నాకు తెలుసు," అన్నాడు. "అయినా కుట్టుమిషనుకి ఎత్తెందుకు?"

శుక్రవారం ఎర్రగీత దగ్గర ఆమె తల అంగుళం పైన ఉంది. మేడమ్ మాటకి నవ్విన అరంగుళం తిరిగి రాలేదు. చెప్పినమాట వెనక్కి తీసుకోవచ్చుగానీ, నవ్విన నవ్వు తీసుకునేదెలా? ఆ మేరకు అంచు అలాగే మడిచి ఉంచాడు.

వారానికి బడి నుంచి ఉత్తరం వచ్చింది. వాహనం అనువైనది కానందున సీటు ఇవ్వలేకపోతున్నామని చింతించారు. పిల్ల ఆ ఉత్తరాన్ని ముందు నిటారుగా, తర్వాత తలకిందులుగా చదివి, రెండు విధాలా ఒకేలా ఉందని చెప్పింది.

ఆ రోజే డ్రైవరమ్మ నిర్ణయించుకుంది. ఆ స్టాపులో ఏడో నంబరు పూర్తిగా తొంభై సెకన్లు ఆగుతుంది. ఎక్కేవాళ్లున్నా సరే, లేకపోయినా సరే. వెనక కార్లలో నుదుళ్లు ఎంత చెమట పట్టినా హారన్ కొట్టలేవు. బోర్డు మీద రాసి ఉంది కదా. ఆమె వాచీ చూసుకుంటూ, ప్యాంటు ముక్కతో అద్దం తుడుచుకుంటూ కూర్చునేది. రిటైరైన రోజు దాకా, ఒక్క పొద్దున్న కూడా, ఒక్క సెకను తగ్గించలేదు.