గుమ్మం ముందు ఊదా నీళ్ళు

అబిగయీలు మెట్టు మీద కూర్చుని ప్లాస్టిక్ టబ్బులో ఊదారంగు నీళ్ళను కర్రతో కలుపుతోంది. రొయ్యల గుంట గట్టెక్కే వాళ్ళెవరైనా ముందు ఆ మందునీళ్ళలో కాళ్ళు ముంచాల్సిందే. లేకపోతే పక్క గుంటలోని తెగులు అరికాళ్ళకు అంటుకుని వచ్చేస్తుంది. ఇన్నాళ్ళూ ఆ టబ్బు మైపాడు దారిలో వాళ్ళ గుంట దగ్గరే ఉండేది. ఈ పొద్దు ఇంటి గుమ్మం ముందుకు వచ్చింది. గుంట కాపలా చూసే చెంచయ్య టబ్బుతో పాటు అక్కడి బోర్డు కూడా మోసుకొచ్చి గేటుకు కట్టిపోయాడు. 'యజమాని అనుమతి లేనిదే లోపలికి రారాదు' అని ఉంది దాని మీద.

"యజమాని నేనా, నువ్వా?" లోపలి గదిలోంచి ఆమె భర్త టైటస్ కేకేశాడు.

"ఇప్పుడు నువ్వు రొయ్యవి. గమ్మున పడుకో."

టైటస్ నవ్వాడు. బోడిగుండు కిటికీ వెలుతురులో మెరిసింది.

చెన్నై ఆస్పత్రి నుంచి అతన్ని నిన్ననే తీసుకొచ్చారు. ఎండాకాలంలో జ్వరం తగ్గక, చిగుళ్ళలోంచి రక్తం కారుతుంటే చూపించుకున్నాడు. లుకేమియా అన్నారు. అందులోనూ ఎక్కువగా చిన్నపిల్లలకు వచ్చే రకం. పెద్దవాళ్ళలో అరుదట. వస్తే మాత్రం పిల్లల్లో కన్నా మొండికేస్తుంది, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా పరుగెత్తుతుంది. "ఈ వయసులో పిల్లకాయల జబ్బు తెచ్చుకున్నానబ్బా!" అని టైటస్ వార్డంతా చెప్పుకుని నవ్వించాడు.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పినా అబిగయీలుకు తలకెక్కలేదు. అప్పుడు టైటస్ తనకు తెలిసిన లెక్కలో చెప్పాడు. ఎముకల్లోని మూలుగ ఒక గుంట. అందులో ఎదుగూ బొదుగూ లేని తెల్లకణాలు విపరీతంగా పుట్టి, మంచి వాటికి చోటు లేకుండా చేశాయి. అందుకని మందులు పెట్టి గుంటంతా ఎండగట్టారు. చెడ్డవాటితో పాటు మంచివీ పోయాయి. కొత్తవి ఎదిగేదాకా ఒంట్లో కాపలా ఉండదు. ఎవరి తుమ్మయినా చాలు, మనిషికే ముప్పు.

నిజం చెప్పాలంటే అబిగయీలుకు తుమ్ముల కన్నా ఆడబిడ్డ పుష్పకుమారి అంటేనే గుబులుగా ఉంది. తల్లి పోయాక టైటస్‌ను పెంచింది ఆమే. తమ్ముడు కనబడితే రెండు చేతులూ నెత్తిన అదిమి ప్రార్థన చేసి, నుదురు ముద్దు పెట్టుకోనిదే వదలదు. ఇక వెళ్ళడమంటే అదో పెద్ద తతంగం. గదిలో ఒకసారి వస్తానంటుంది, గుమ్మంలో ఒకసారి, గేటు దగ్గర ఇంకోసారి. ఆటో కదిలాక కూడా తల బయటపెట్టి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. అలాంటామెను పోయినేడు టైటస్ తన గుంట దగ్గర రోడ్డు మీదే నిలబెట్టేశాడు. పుష్పకుమారి వాళ్ళ గుంటలో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు ఉందని. ఆ పంట అమ్ముడుపోయేదాకా ఆమె మాట్లాడలేదు. మళ్ళీ అలిగి వెళ్ళిపోతే ఈ జబ్బు మనిషి ఎలా తట్టుకుంటాడు?

ఆటో ఆగనే ఆగింది. పుష్పకుమారి చేపల పులుసు క్యారియర్‌తో దిగి బోర్డు చదివింది.

"ఏందే అబిగయీ, ఇంటికి బోర్డేంది?"

"వదినా, కాళ్ళు ఇందులో..."

"మళ్ళానా! పోయినేడు రోడ్డు మీద నిలబెట్టినారు, ఈ ఏడు గుమ్మంలోనా? నేనేమన్నా తెగులా? ఈ చేతులతో నీళ్ళు పోసి పెంచినా వాణ్ణి!"

అబిగయీలు డాక్టరమ్మ మాటలన్నీ వల్లె వేసుకుని ఉంది. అవన్నీ వదిలేసి టబ్బును ఇంకాస్త ముందుకు జరిపింది.

కిటికీలోంచి టైటస్ పలికాడు. "అక్కా, ఆ పొద్దు నిన్ను గట్టు ఎక్కనిచ్చి ఉంటే ఏమయ్యేది?"

"ఏమవుతుందిరా, నీ రొయ్యలు చచ్చి తేలుండేవి."

"ఇప్పుడు నేనే గుంటను. లోపల కొత్త రొయ్యపిల్ల దిగతా ఉండాది."

పుష్పకుమారి టబ్బులోకి తొంగిచూసింది.

"ఏ సైజుంటాది?"

"కంటికి కూడా ఆనదు."

"అట్టయితే పైన పిట్ట కూడా ఎగరగూడదు కదరా, నాయనా," అంటూ చీర కుచ్చిళ్ళు ఎత్తి రెండు కాళ్ళూ టబ్బులో పెట్టింది.

అబిగయీలుకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సబ్బు ఇచ్చింది, మాస్కు ఇచ్చింది. పుష్పకుమారి మోచేతుల దాకా రుద్దుకుని, గది గుమ్మానికి ఇవతలే స్టూలు వేసుకుంది. అక్కడినుంచే చేతులు చాచి ప్రార్థన చేసింది. ముద్దును మాస్కులోంచే గాల్లోకి విసిరింది. ఆ తర్వాత కబుర్లు మొదలుపెట్టింది. గుడిలో కొత్త మైకు కూత సంగతి, పాస్టరుగారి మేక ఎవరి పెరట్లో పడ్డదీ, అన్నీ చెప్పింది. టైటస్ కళ్ళు మూసుకుని, పొట్ట ఊగేలా నవ్వుతున్నాడు. ఇన్ని నెలల్లో అతను అలా నవ్వడం అబిగయీలు చూడలేదు.

"ఆ మేకను మా మనవడు హెన్రీ గాడు పట్టకొచ్చినాడు. పాపం, పొద్దున్నించీ ముక్కు చీదతానే ఉండాడు, రాత్రంతా నా పక్కలోనే..."

అక్కడ ఆగిపోయింది. చెయ్యి గొంతు మీదికి వెళ్ళింది. గొంతులో గరగర ఉందేమోనని ఒకసారి గుటక వేసింది. మళ్ళీ వేసింది. అబిగయీలు వైపు చూసింది.

"ఊఁ, తర్వాత?" అన్నాడు టైటస్, కళ్ళు తెరవకుండానే.

పుష్పకుమారి స్టూలు చప్పుడు కాకుండా లేచింది. మాస్కు మీద చీర కొంగు కూడా అదిమిపెట్టుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి, గేటు గడియ మెల్లగా తీసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.